దాచుకున్న వేలు

అక్కకి,

ఫోనులో నీ గొంతు వింటే ఏడుపొచ్చి అసలు విషయం మింగేస్తాను. అందుకే రాస్తున్నాను. బావకి చూపించకు.

గోళ్లు కొరకడం మానేశానని పోయినసారి నీతో చెప్పింది అబద్ధం. ఆసుపత్రిలో పనికి చేరాక ఇంకా ఎక్కువైంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గదిలో నా పని. ఒక్కొక్కరూ అరచేతిలో పట్టేంత ఉంటారు. గాజు పెట్టెల పక్కన యంత్రం కూసినప్పుడల్లా నా గుండె జారిపోతుంది. విరామంలో బట్టలు మార్చుకునే గదికి పోయి, మాస్కు కిందికి లాగి కొరుకుతాను. గోరు అయిపోతే పక్కన చర్మం. నెత్తురు నాలుకకి తగిలితే గానీ తెలివి రాదు.

పది రోజుల కిందట కుడి చూపుడు వేలికి గోరుచుట్టు లేచింది. వాపు, సలుపు, మూలన చీము. అలాంటి వేలితో ఆ గదిలోకి అడుగు పెట్టకూడదు, చెప్పి సెలవు పెట్టాలి. ఈ వయసులో గోళ్లు కొరుక్కుంటానని చెప్పుకోలేక, ప్లాస్టరు చుట్టి, పైన గ్లవుజు తొడుక్కుని పిల్లలకి పాలు పట్టాను.

మొన్న మూడో పెట్టెలోని పాపకి జ్వరం వచ్చింది. ఎప్పుడూ గుప్పిట బిగించుకుని ఉంటుందని తనని పిడికిలి అంటాం. నిన్నటి నుంచి పాలు తాగడం లేదు. నెత్తురు పరీక్షకి పంపారు. వాళ్లమ్మ గాజుకి చెయ్యి ఆనించి నన్నే అడిగింది. "రోజూ చూస్తారు కదమ్మా, నా బిడ్డకి ఇది ఎక్కణ్ణించి అంటుకుందంటారు?"

నా చేతులు రెండూ వెనక్కి పోయాయి అక్కా.

జ్వరం రావడానికి ముందు రోజు నా గ్లవుజు వేలి కొన చిరిగి ఉంది. ఎప్పుడు చిరిగిందో తెలియదు. ఈ మాట చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే, ఏ మందు వెయ్యాలో తెలియక డాక్టర్లు తడుముకుంటుంటే నేను నోరు మూసుకుని చూస్తున్నట్టు. ఇది భోజనాల వేళ రాస్తున్నాను. పోస్టులో వేసి అటునించి అటే హెడ్ నర్సు దగ్గరికి పోతాను.

నీ చెల్లెలు


అక్కా,

నువ్వు తిడతావనుకున్నాను. "తిన్నావా" అని అడిగావు. ఆ ఒక్క ముక్కకే ఏడ్చాను.

హెడ్ నర్సు నా వేలు వెలుతురులోకి లాగి చూసింది. "ఎన్నాళ్లయింది?"

"పది రోజులండి."

"పది రోజులు దాచావా?"

అరవలేదు. అరిచినా బాగుండేది. డాక్టరు చీము తీసి దాన్నీ పరీక్షకి పంపారు. నన్ను దుప్పట్లు ఉతికే చోటికి మార్చారు. మూడు రోజులు మడతలు పెడుతూ గడిపాను. తలుపు కదిలితే చాలు, పిడికిలి పోయిందని చెప్పడానికే వచ్చారనుకునేదాన్ని. పది వేళ్లకీ టేపు చుట్టేసుకున్నాను. అయినా చెయ్యి నోటిదాకా పోయేది. టేపు చప్పగా పళ్లకి తగిలేది.

మూడో రోజు హెడ్ నర్సు వచ్చింది. "పాప నెత్తురులో ఉన్న క్రిమి వేరు, నీ వేలిలోది వేరు. మందు పనిచేస్తోంది, పాలు తాగుతోంది." నేను టేపు చుట్టిన చేతులతోనే దణ్ణం పెట్టాను. "సంబరపడకు," అంది. "ఈసారి కాదు, అంతే."

ఆ సాయంత్రం వాళ్లమ్మకి నేనే అంతా చెప్పాను. ఆవిడ నా వేలికేసి చూసింది. "నేనడిగినప్పుడే చెప్పి ఉంటే కొట్టేదాన్నేమో," అని అటు తిరిగిపోయింది.

నీ చెల్లెలు


అక్కా,

నాలుగు నెలలైంది. పిడికిలి ఇంటికి వెళ్లిపోయి కూడా చాలా రోజులైంది. నేనింకా దుప్పట్ల దగ్గరే ఉన్నాను.

గోళ్ల సంగతి అడిగావు. అంత తేలిగ్గా ఏం మానలేదు. లేచిన చర్మాన్ని పళ్లతో కాకుండా చిన్న కత్తెరతో తియ్యడం నేర్చుకున్నాను. రోజూ నూనె రాశాను. ఇంట్లో నూలు గ్లవుజులు వేసుకుంటే పక్కింటావిడ "చలేస్తోందా?" అని నవ్వింది. ఒకసారి బస్సు దిగేసరికి ఎడమచేతివి ఐదూ కొరికేసి ఉన్నాయి. మళ్లీ మొదటికొచ్చాను. రెండో నెల చివర గోరు కొసన దారమంత తెల్లగా కనిపించింది. దాన్ని ముట్టుకోవడానికి కూడా భయపడ్డాను.

ఇవాళ హెడ్ నర్సు పిలిచి చేతులు తిప్పి తిప్పి చూసింది. "పిల్లల గదిలోకి రావాలంటే ఇంత పొడుగు గోళ్లు పనికిరావు. కత్తిరించుకో," అని నెయిల్ కట్టర్ ఇచ్చింది. నేను దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పాను.

"ఏమైంది?"

"నాకు చేతకాదండి. ఎప్పుడూ అవసరం పడలేదు."

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, నా ఎడమచెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. టక్కుమన్నప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. చిటికెన వేలు అయ్యాక కట్టర్ నాకిచ్చి, "రెండో చేతివి నువ్వు తీసుకో," అంది.

ఎడమచేత్తో పట్టుకోవడం ఎంత కష్టమో అక్కా. వంకరటింకరగా వచ్చాయి. అయినా ఐదూ నేనే తీశాను. రేపు పొద్దున ఆరింటికి పిల్లల గదిలో డ్యూటీ. భయంగానే ఉంది.

నీ చెల్లెలు