మల్లిక మొండిది కాదు

రామన్నపేట

అక్కా,

నేనూ మల్లికా బాగానే ఉన్నాం. ఇంట్లో అందరూ చదవాలనే కవరులో పెట్టకుండా కార్డు రాస్తున్నాను.

మొన్న బడికి పిలిపించి, "మీ బిడ్డ మస్తు మొండిది సార్. పుస్తకం తీసి, బొమ్మ చూసి, పేరు రాయమంటే ఉత్తగనే కూసుంటది" అన్నది టీచరు. "మూడు ఒక్కసారే చెప్తే అందయి మేడం. ఒక్కొక్కటి చెప్పి చూడుండ్రి" అన్నాను. చెప్పింది. మల్లిక మూడూ చేసింది.

చెవుల్లో లోపం లేదు. ఏడేళ్లొచ్చినా బడిలో జరిగింది వరసగా చెప్పలేకపోతున్నది. అందుకే నల్లగొండ దవాఖానలో మాట నేర్పే మేడంకు చూపిస్తున్నాను. తాయెత్తు పంపకు, కట్టను. నీ మరదలు శోభ వస పోయనందుకే మాట రాలేదని కూడా ఇక ఎవరూ అనొద్దు. పుట్టిన ఇరవై ఒకటో నాడు తనే పోసింది. పాపను పట్టుకున్నది నేను.

మొదటి మాట ఏ నెలలో వచ్చిందని ఆ మేడం అడిగితే చెప్పలేకపోయాను. అవన్నీ శోభకే తెలుసు, ఆమెతోనే పోయాయి. మీ ఇంటి గృహప్రవేశం నాటికి మల్లిక నిన్ను అత్తా అని పిలిచేదా? ఫోటోల మీద తేదీ చూసి రాయి.

బాపు మోకాలు ఎట్లుంది? పిల్లలకు దీవెనలు.

నీకేం రాయమంటావని మల్లికను అడిగాను. "అత్త, రా" అన్నది. ఆ రెండూ రాశాను.

తమ్ముడు,
దశరథ్