తమ్ముడి బదులు చెప్పాల్సిన మాట

పిన్నీ, చిన్నప్పటినుంచీ ఎవరేమడిగినా తమ్ముడి బదులు నేనే జవాబు చెప్పేదాన్ని కదా, అది వాడికి ఇష్టమేనా? ఇన్నేళ్లూ వాణ్ణి అడగలేకపోయాను. బండి మీంచి పడ్డాక వాడింకా కళ్లు తెరవలేదు. తలలో వాపు తగ్గుతోంది గానీ ఇప్పుడు కిడ్నీలు మొరాయించాయి. పొద్దున నర్సమ్మ ఖాళీగా ఉన్న మూత్రం సంచి తట్టి, “ఏం తమ్ముడూ, ఒంటికి పోవడానికి కూడా అక్క సిఫారసు కావాలా?” అంది. నవ్వాను. రోజంతటికీ నేను విన్న నవ్వు అదొక్కటే.

అక్కడ బీరువాలో వాడి పాత కళ్లజోడు ఉంది, పంపించు. నీ మోకాలు ఎలా ఉంది? బాబాయికి నా నమస్కారం.

డయాలసిస్ పెడితే బీపీ పడిపోయి మెదడుకు ముప్పు రావచ్చట, పెట్టకపోతే ఒంట్లో విషం పేరుకుంటుందట. రేపు పొద్దున్నే ఏదో ఒకటి చెప్పమన్నారు డాక్టరు. ఈ కార్డు నీకు అందేసరికి చెప్పేసే ఉంటాను. ఏం చెప్పాలో మాత్రం నాకింకా తేలడం లేదు.