కోర్సు మధ్యలో మానొద్దు

నరసరావుపేట

పూజ్యురాలైన పెద్దమ్మకు నీలిమ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, గేదెలూ క్షేమమని తలుస్తాను.

ఫోన్ చేస్తే నీకు వినపడక ఇద్దరం అరుచుకోవడం, పక్కింటివాళ్ళు పోట్లాట అనుకోవడం ఎందుకని ఉత్తరం రాస్తున్నాను. నా పరిస్థితి ఏమీ బాగాలేదు పెద్దమ్మా. ఐటీఐలో పిల్లలకి కరెంటు పని నేర్పుతున్నానే గానీ, ఈ మధ్య పాఠం చెప్పబోతే గొంతు పైకి రావడం లేదు. వెనక బెంచీలవాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. పిడుగురాళ్ల సున్నం మిల్లులో సూపర్‌వైజర్‌గా రమ్మంటున్నారు. అక్కడైతే మోటార్లతోనే పని, వాటికి పాఠం చెప్పక్కర్లేదు. నెలాఖరులోగా వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి. మా ప్రిన్సిపాల్ అబిదా మేడమ్ మాత్రం, ముందు రిఫ్రెషర్ కోర్సు పూర్తి చెయ్యి, తర్వాత ఆలోచించుకో అన్నారు. రెండు వారాల కోర్సు. మధ్యలో ఒక్కరోజు మానినా మళ్ళీ మొదటినుంచేనట.

నువ్వేమంటే అదే చేస్తాను.

నీ నీలిమ

తా.క. అమ్మకి చెప్పకు. కంగారుపడుతుంది.

*

గురజాల

చిరంజీవి నీలిమను పెద్దమ్మ వీరరాఘవమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం చదివి కాఫీ కూడా తాగలేదు. రెండు వారాల కోర్సంటే మాటలా. అయినా మీ మేడమ్ చెప్పిందే మంచి మాట. ఏం చేసినా మధ్యలో మానొద్దు. రెండోరోజుకే బాగైపోయినట్టు ఉంటుంది, జనం మోసపోయేది అక్కడే. మన బసవపున్నయ్య బాబాయి అట్టాగే సగంలో మానేసి మొదటికి తెచ్చుకున్నాడు. గోంగూర, వంకాయ ముట్టుకోకు. ఇంతకీ పరగడుపునా, తిన్నాకా? అది అడిగి తెలుసుకో. చానా మంది అక్కడే తప్పు చేస్తారు.

ఇట్లు,
నీ పెద్దమ్మ

తా.క. మీ అమ్మకి చెప్పలేదు. ఆమె ఫోన్ చేసి గుచ్చి గుచ్చి అడిగినా నాకు వినపడదు కాబట్టి భయం లేదు.

*

నరసరావుపేట

పెద్దమ్మకు నమస్కారాలు.

కోర్సు మొదలైంది. తిన్నాకే పెద్దమ్మా. పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు. మధ్యాహ్నంవాటికి ఒకటే మత్తు. మాచర్ల నుంచి వచ్చిన బెంజిమిన్ సారైతే గురకపెట్టి నిద్రపోయారు. గోంగూర గొంతుకి పడదని ఇన్నాళ్ళూ నాకు తెలియదు, మానేశాను.

శుక్రవారం నన్ను అబ్జర్వేషన్లో పెడతారు. గుంటూరు నుంచి ఇద్దరు పెద్దవాళ్ళు వచ్చి, నాలో లోపం ఎక్కడుందో చూసి రిపోర్టు ఇస్తారు. అది బాగాలేకపోతే ఇక నా పని అయిపోయినట్టే. భయంగా ఉంది.

నీ నీలిమ

తా.క. అందరి ముందూ పెడతారట.

*

గురజాల

నీలిమా, ఆశీస్సులు.

అబ్జర్వేషన్లో పెట్టేదాకా వచ్చిందా. శుక్రవారం మొదటి బస్సుకి వస్తున్నా. అందరి ముందూ పెట్టటం ఏంది, ఆడపిల్లని, అడ్డంగా ఒక తెర కట్టలేరా? ఆ సంగతి నేను అడుగుతా. దుప్పటి, ఫ్లాస్కు, చెంబు తెస్తున్నా. నువ్వు ధైర్యంగా ఉండు తల్లీ. నీకు ఏమీ కానివ్వను.

పెద్దమ్మ

తా.క. నాది ఓ పాజిటివ్. వాళ్ళకి ముందే చెప్పి ఉంచు.

*

నరసరావుపేట

పెద్దమ్మకు నమస్కరించి వ్రాయునది.

నువ్వు వచ్చి వెళ్ళాక ఇవాళ నీ ఉత్తరం అందింది. దుప్పటి ఎందుకు తెచ్చావో ఇప్పుడు అర్థమైంది. పెద్దమ్మా, కోర్సంటే మాత్రలు కాదు. పాఠం చెప్పేవాళ్ళకి పాఠం ఎలా చెప్పాలో నేర్పే క్లాసులు.

నీకు వినపడని సంగతులు కొన్ని రాస్తున్నాను. నన్ను వెతుక్కుంటూ మా ఐటీఐకి వచ్చి, గేటు దగ్గర "ఎన్నో వార్డు?" అని అడిగావట. మా వాచ్‌మన్ మునిసిపాలిటీ వార్డనుకుని వేళ్ళతో ఏడు చూపించాడు. నువ్వు నేరుగా ఏడో గదికి వచ్చావు. అడిగినదానికల్లా తల ఊపుతూ వెనక బెంచీలో కూర్చునేసరికి, గుంటూరు నుంచి వచ్చిన మూడో పెద్దావిడవనుకున్నారు. అందుకే నీకు రెండుసార్లు టీ వచ్చింది. అందుకే బెంజిమిన్ సార్ తన పాఠమంతా నీకు దణ్ణాలు పెడుతూ చెప్పారు.

తర్వాత నా వంతు. మెట్ల దగ్గర లైటుకి కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి ఎలా కలపాలో మా పిల్లలకి చెప్పి చూపించాలి. నిన్ను చూశాక, నీకు తెలియాలంటే నోటితో లాభం లేదనిపించింది. బోర్డు వదిలేసి బెంచీల మధ్యకి వచ్చాను. ప్రతి వైరూ చేత్తో ఎత్తి చూపించాను. అయ్యాక గుంటూరు సార్, "సబ్జెక్టు ఉందమ్మా, గొంతు లేదు. వెనక బెంచీకి వినపడదు. కెరీర్ బాగుండాలంటే ఆఫీసు సెక్షన్‌కి మారిపో" అన్నారు. నువ్వు "ఆయన ఏమంటున్నాడమ్మా?" అని అబిదా మేడమ్‌ని అడిగావు. ఆవిడ రాసి చూపించారు. అప్పుడు నువ్వు లేచి, "వెనక బెంచీలో కూర్చుంది నేనయ్యా. నాకు వినపడింది" అన్నావు. ఆయన రిపోర్టులో ఆ మాట కొట్టేశారు.

కానీ నీకు చెముడని ఆయనకి తెలియదు, నాకు తెలుసు. నువ్వు ప్రేమకొద్దీ అన్నావు. ప్రేమకొద్దీ ఇచ్చిన మార్కులతో నేను పిల్లల ముందు నిలబడలేను. సోమవారం మిల్లుకి వస్తానని చెప్పేస్తాను. కోపం తెచ్చుకోకు.

నీ నీలిమ

తా.క. దుప్పటి మర్చిపోయావు. మధ్యాహ్నం క్లాసుల్లో బెంజిమిన్ సార్ కప్పుకుంటున్నారు.

*

గురజాల

నీలిమకు పెద్దమ్మ వ్రాయునది. ఆశీర్వాదాలు తర్వాత, ముందు ఇది చదువు. బస్సు కండక్టరుకి ఇచ్చి పంపిస్తున్నా, ఆదివారానికే అందుతుంది.

నువ్వన్నది నిజమే. నాకు ముక్క వినపడలేదు. చెవులు పోయినప్పటినుంచీ నేను ఎక్కడ కూర్చున్నా మాట్లాడేవాళ్ళని చూడను, వినేవాళ్ళని చూస్తా. పెళ్ళి మాటలైనా, పొలం తగాదాలైనా ఏం జరుగుతుందో నాకు అట్టాగే తెలుస్తుంది. మీ గుంటూరాయన నిన్నే చూస్తా కూర్చున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నేను పక్కనున్న పిల్లల్ని చూశా. బెంజిమిన్ సార్ చెప్పినంతసేపూ వాళ్ళు ఫోన్లలోనే ఉన్నారు. నువ్వు బెంచీల మధ్యకి రాగానే ఒకడు ఫోను బోర్లా పెట్టాడు. కాసేపటికి ఇంకోడు. నా పక్కన రెండు జడల పిల్ల ఒకతి కూర్చుంది. నువ్వు వైరు మెలి తిప్పినప్పుడల్లా ఆ పిల్ల ఒళ్ళో వేళ్ళు మెలి తిప్పింది. లైటు వెలగ్గానే నా చెయ్యి పట్టేసుకుంది. నేనెవరో కూడా దానికి తెలియదు. వినపడిందని నేను చెప్పింది ఆ పిల్ల తరఫున.

మిల్లుకి పోతానంటే వద్దనను. పోతే ఇష్టమై పో. చేతకాదనుకుని మాత్రం పోవద్దు. నీకు పాఠం చెప్పటం వచ్చు తల్లీ, నేను కళ్ళారా చూశా.

ఇట్లు,
నీ పెద్దమ్మ వీరరాఘవమ్మ

తా.క. ఆ పిల్లని పేరు అడిగా. చెప్పింది, నాకు వినపడలేదు. సోమవారం క్లాసులో అడిగి రాయి.