ఆ ఎముక తనది కాదట

అమ్మా,

నువ్వు పోయి ఆరు నెలలు దాటింది. బాగున్నావా అని ఎలా అడగాలో తెలియదు... మేం మాత్రం బాగా లేం. పట్టుబట్టి ఏడో తరగతి దాకా చదివించావు కదా, ఆ చదువుతోనే బాపు మీద నీకు ఫిర్యాదు రాస్తున్నాను.

శ్రావణంలో బాపు పడ్డాడు. గుట్ట మీద రాళ్లు కొడుతూ కాదు, మన గడప దగ్గరే, తడి కాలు జారి. తుంటి ఎముక విరిగింది. ఎడ్లబండిలో పరుపు వేసి రోడ్డు దాకా, అక్కణ్నుంచి లారీలో పట్నం దవాఖానకు తీసుకెళ్లాం. ఖాజాగూడకు పట్నం అంత దూరమని ఆ రోజే తెలిసింది.

డాక్టర్ ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చూపించాడు. గట్టి ఎముకలో గీతలు దట్టంగా ఉంటాయట. బాపు ఎముకలో చాలావరకు చెరిగిపోయాయి. నిలబడ్డ మనిషి పడితేనే విరిగిందంటే లోపల బలం లేనట్టేనన్నాడు. పైగా లోపలి వైపు ముక్క ఊడిపోయి, విరిగిన కొసలు ఒకదానికొకటి ఆనడం లేదు. మేకు, ప్లేటు వేశాడు. కానీ నానిన మట్టిగోడలో మేకు ఎన్నాళ్లు నిలుస్తుంది? బరువు పడితే ఎముకను చీల్చుకుని వచ్చేస్తుంది, మూడు నెలలు కాలు కింద పెట్టొద్దన్నాడు.

బాపు ఏమన్నాడో తెలుసా? ఆ ఫిల్ము తనది కాదట! పక్క మంచం ముసలాయనదట, మారిపోయిందట. జీవితమంతా బండలు పగలగొట్టిన మనిషికి ఎముకలు మెత్తబడతాయా అని కాంపౌండరుతో కొట్లాట.

నెల తిరిగేసరికి నొప్పి తగ్గింది. ఇక చూడు... నొప్పి లేదంటే అతికినట్టేనంటాడు. మన ఊళ్లో కట్టు కట్టే తాత, కట్టు విప్పిన రోజే నిలబెట్టి నడిపించేవాడు కదా, అదీ ఈయన లెక్క. గోపన్‌పల్లి దగ్గర యూనివర్సిటీ కడుతున్నారు, రాళ్లకు గిరాకీ ఉందని మంచం మీదే సుత్తి తుడుస్తూ కూర్చుంటాడు. నా ప్రాణం తోడేస్తున్నాడమ్మా!

నువ్వనేదానివి గుర్తుందా? "మీ బాపు కూసోమంటే నిలబడతడు, నిలబడమంటే కూసుంటడు. గాయనతోని ఎట్ల ఏగాలె?"

మొన్న పెత్రమాస, పెద్దల అమావాస్య. నీ పేరున అయ్యగారికి బియ్యం ఇవ్వాలి. మంచం మీద కూర్చుని ఇవ్వనని మొండికేశాడు. నిలబడే ఇస్తాడట. బతిమాలాను, అరిచాను, ఏడ్చాను. చివరికి నీ మాట గుర్తొచ్చి, సరే నిలబడు, విరిగితే విరగనీ అన్నాను.

కాలు కిందికి దించాడు. పాదం నేలకు ఆనకుండా అలాగే పట్టుకుని, మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు. బియ్యం చేటను ఒక వైపు పట్టుకున్నాడు. ఏటా రెండో వైపు నువ్వు పట్టుకునేదానివి కదా... ఈసారి నన్ను పట్టుకోమన్నాడు.

అయ్యగారు వెళ్లాక, ఆ ఫిల్ము తనదేనని చెప్పాడు. మొదటి రోజే తెలుసట. ఒప్పుకుంటే ఇక మంచం దిగలేనేమోనని భయమట. అంత కోపంలోనూ నాకు ఏడుపొచ్చింది.

ఇంకా నెల ఉంది. మళ్లీ ఎక్స్‌రే తీసి డాక్టర్ సరేననే దాకా కాలు కింద పెట్టనివ్వను, ఇది నా మాట. నువ్వూ ఒక మాట ఇవ్వాలి. ఆయన కలలోకి వస్తే రా, చూసి వెళ్లు. రమ్మని మాత్రం పిలవకు. నేనెంత మొత్తుకున్నా వినడు గానీ, నువ్వు పిలిస్తే లేచి నిలబడతాడు.

నీ బిడ్డ,
యాదమ్మ