ఉడతల తుపాకీ

టార్బెట్, మోంటానా
1889 సెప్టెంబరు 22, ఆదివారం

అమ్మకు,

నీ కూతురు మారిట్ నమస్కరించి రాస్తున్నది. మేం ముగ్గురం బతికే ఉన్నాం. ఈ ఏడాదికి అదే క్షేమం అనుకో. మిన్నెసోటాలో నువ్వూ తమ్ముడూ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. నీ అల్లుడు ఎస్కిల్ చెయ్యి ఎలా ఉందని అడిగావు. చెయ్యి లేదమ్మా. మోచేతి ఎముక నుగ్గయిందనీ, విషం పైకి పాకుతోందనీ డాక్టరు భుజానికి జానెడు కింద కోసేశాడు. మా వంటబల్ల మీదే కోశాడు. దీపం నేను పట్టుకున్నాను. గాయం మానుతోంది కానీ, లేని వేళ్లు దురద పెడుతున్నాయని పొద్దున్నే లేచి ఏడుస్తాడు.

సిగ్నె బాగానే తింటోంది. గుర్రం డెక్కల చప్పుడు వింటే మాత్రం మంచం కిందికి దూరుతుంది. నాలుగేళ్ల పిల్ల, పిలిచినా పలకదు. మనమే వంగి, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకురావాలి.

పేపర్లో పడ్డదంతా నిజమేనా అని అడిగావు. చాలామటుకు నిజమే. చర్చిలో అందరికీ చదివి వినిపించానని మురిసిపోతూ రాశావు. అది చదివి పొయ్యి దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాను.

చివర్లో ఇంకోటి అడిగావు. "చచ్చిన దొంగల్లో పైక్ అని ఒకడున్నాడట, జూలై ఉత్తరంలో నువ్వు మెచ్చుకున్న మనిషి పేరూ అదే కదా?" అని. దానికీ జవాబు రాస్తాను. ముందు మిగతాది చెప్పనీ.

ఈ గొడవంతా జూలైలో జరిగిన తుపాకీ గురి పందెంలో మొదలైంది. ఎనిమిది వందల గజాల అవతల ఇనుప దున్నపోతు బొమ్మ, మనిషికి పది గుండ్లు. అందరివీ పెద్ద తుపాకులు, గుండు సైజు నలభై అయిదూ యాభై నంబర్లవి. నాది నాన్న ఇచ్చిన ముప్పై ఎనిమిది. పశువుల కంపెనీ మేస్త్రీ రస్క్ డిల్లార్డ్ దాన్ని చూసి పడీపడీ నవ్వాడు.

"ఏంటమ్మాయ్, ఉడతల్ని కొట్టేదాంతో వచ్చావ్? దున్నపోతుకి చక్కిలిగిలి పెడతావా?"

పెద్ద తుపాకీ భుజాన్ని గుద్దుతుంది, ఆరో గుండుకే మనిషి అదురుతాడు. నాది అదరగొట్టదు. కానీ చిన్న గుండును గాలి ఇట్టే తోసేస్తుంది. అందుకని గాలిని చదవడమే నా పని. గడ్డి ఎటు వాలుతోంది, తుపాకీమందు పొగ ఎటు పోతోంది చూసుకుని, గురిపట్టీ మర ఒక గీతో రెండు గీతలో తిప్పుకోవాలి. పేల్చిన ప్రతిసారీ గొట్టంలోకి నోటి ఆవిరి ఊదాలి, లేకపోతే లోపలి మసి గట్టిపడి గుండు తోవ తప్పుతుంది. ఇదంతా నాన్న నేర్పిందే, నీకు తెలియనిది కాదు.

నావి తొమ్మిది తగిలాయి. రస్క్‌వి ఎనిమిది. నా పదో గుండు బొమ్మ తోక అంచున గీసుకుంటూ పోయింది. బొమ్మ దగ్గర గోతిలో కూర్చుని జెండా ఊపే మనిషి ఆన్సన్ పైక్. నలభై ఏళ్లవాడు, రస్క్ కింద జీతగాడు. అతను తగిలిందనే జెండా ఎత్తాడు. దాంతోనే నావి తొమ్మిదయ్యాయి.

అతను తిరిగి రాగానే రస్క్ అందరి ముందూ చొక్కా పట్టుకున్నాడు. "ఎవడి తిండి తింటున్నావురా నువ్వు?"

"తిండి మీదేనండి. కళ్లు మాత్రం నావి. తగిలింది, తగిలిందన్నాను."

రస్క్ తుపాకీ మడమతో మూతి మీద కొట్టాడు. పడ్డాక మళ్లీ కొట్టాడు. ముందు పళ్లు నాలుగు దుమ్ములో పడ్డాయి. ఒక్కడూ అడ్డం వెళ్లలేదు. నేనే నీళ్లు తీసుకెళ్లి నోరు కడిగాను. "ఊరుకో చెల్లెమ్మా, ఎలాగూ పుచ్చినవేలే," అని నవ్వబోయాడు. మాటతో పాటు నెత్తురు కారింది.

ఆగస్టులో మా కంచె తెగింది. మా పొలం పక్క వాగు కంపెనీదే అని రస్క్ మనుషులు అన్నారు. పత్రం ఉందని ఎస్కిల్ చూపించాడు. మూడో రోజు బావి దగ్గర నీళ్లు తోడుతుంటే ఎక్కడినుంచో పేల్చారు. మోచెయ్యి పగిలిపోయింది. చేద పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే కూలబడ్డాడు.

చెయ్యి కోసిన అయిదో నాడు తెల్లవారుతుండగా ఏడుగురు వచ్చారు. ముందు కొట్టానికి నిప్పు పెట్టారు. లోపల చూడి ఆవు ఉంది. అది అరిచిన అరుపు నీకెలా రాయను! ఎస్కిల్ జ్వరంలో లేవలేడు. సిగ్నెను దుంపల నేలమాళిగలో దించి మూత వేశాను. తుపాకీ కిటికీ గట్టు మీద పెట్టాను.

మొదటి గుండు రస్క్ గుర్రానికి తగిలింది. రెండోది దివిటీ పట్టుకుని ఇంటి మీదికి వస్తున్నవాడి గొంతులో దిగింది. వాడు దివిటీ మీదే బోర్లా పడ్డాడు, లేవలేదు. వాళ్ల గుండ్లు గోడ చీల్చుకుని వచ్చాయి. పాలకుండ పగిలింది, ఒక చెక్కముక్క నా చెంపలో గుచ్చుకుంది. నేను ఊదుతూ, నింపుతూ, పేలుస్తూనే ఉన్నాను. మరొకడు తొడ పట్టుకుని దొర్లాడు. అప్పుడు అందరూ వెనక్కి తిరిగి ఎదురుగా ఉన్న దిబ్బ మీదికి పోయారు.

అది ఆరు వందల నలభై గజాలు. నేను తాడు పట్టి కొలిచిన దూరమే. ఇంత దూరం ఉడతల తుపాకీ రాదనుకుని రస్క్ దిబ్బ మీద నిలబడి సారాయి తాగుతూ అరిచాడు. "కానీవే, చక్కిలిగిలి పెట్టు!"

కడుపులో కొట్టాను. మధ్యాహ్నందాకా బతికాడు. వాడి అరుపు మాకు వినబడుతూనే ఉంది. నాకు జాలి కలగలేదు. ఇంతవరకూ పేపర్లో పడింది.

పడనిది ఇప్పుడు రాస్తున్నాను. కూర్చుని చదువు.

ఓ అరగంట తుపాకులు ఆగాయి. నా పొగంతా పోయి గాలి తేటపడింది. దిబ్బ మీదినుంచి ఒక మనిషి నడుచుకుంటూ దిగాడు. చేతిలో తుపాకీ లేదు. చొక్కా విప్పి కర్రకు కట్టి ఎత్తి పట్టుకున్నాడు. తెల్ల చొక్కా. ఆ దొడ్డికాళ్ల నడక చూసి నాలుగు వందల గజాల దగ్గరే పోల్చుకున్నాను. ఆన్సన్.

నాకు తెలుసమ్మా. పొగ అడ్డం లేదు, కంట్లో నీళ్లు లేవు. ఆ గుడ్డ ఎందుకు ఎత్తుతారో తెలుసు. అయినా నేను చేసిందేమిటంటే, ఆ గుడ్డ కుడివైపుకు రెపరెపలాడటం చూసి గాలి లెక్క కట్టాను. మర రెండు గీతలు తిప్పాను. ఆలోచించకుండా చేశానని అబద్ధమాడను. వీళ్లలో ఒక్కడూ మిగలకూడదనుకున్నాను. మీట నొక్కాను.

అతను కూర్చున్నట్టు పడ్డాడు. పైనున్నవాళ్లు అది చూసి గుర్రాలెక్కి, గాయపడినవాడిని వేసుకుని పారిపోయారు. రస్క్‌ను అక్కడే వదిలేశారు.

నేను దగ్గరికి వెళ్లేసరికి ఇంకా ఊపిరి ఉంది.

"వాళ్లు పోతామంటున్నారు చెల్లెమ్మా," అన్నాడు. పళ్లు లేని నోట్లో మాట సరిగా పలకలేదు. "రస్క్‌ని మోసుకెళ్లేదాకా ఆగమని అడుగుదామని... నేనైతే నువ్వు కాల్చవని నన్ను పంపారు."

నేను గాయం మీద చెయ్యి పెట్టి అదిమాను. నెత్తురు వేళ్ల సందుల్లోంచి ఉబికి వచ్చింది.

"నేనని తెలీలేదు కదూ?" అన్నాడు.

"తెలీలేదన్నా," అన్నాను.

"అదీ... పోన్లే," అన్నాడు. మొహం తేటపడింది. నన్ను ఓదారుస్తున్నట్టు నా మణికట్టు పట్టుకుని అలాగే పోయాడు.

ఆ తర్వాత చేసింది కూడా రాయాలి. కర్రకున్న చొక్కా విప్పి మండుతున్న కొట్టంలో పారేశాను. విచారణకు వచ్చినవాళ్లు శవాలు లెక్కపెట్టుకుని, నా భుజం తట్టి వెళ్లిపోయారు.

ఆన్సన్‌కు ఉన్నది ఒక్క అక్క, టాబిథా. ఊళ్లో బట్టలు ఉతికి బతుకుతుంది. వారం తర్వాత మా గుమ్మంలోకి వచ్చింది. "నేను కుట్టిన చొక్కా వేసుకుని వెళ్లాడు. శవం బనీనుతో వచ్చింది. చొక్కా ఏదమ్మా?" అంది. తెలియదన్నాను. నన్ను అలాగే చూసి వెళ్లిపోయింది.

పద్నాలుగు రోజులు ఓర్చుకున్నాను. పదిహేనో రోజు నడిచి ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె బట్టలు ఇస్త్రీ చేస్తోంది. నిలబడే అంతా చెప్పాను. చివరిగా అతనితో ఆడిన అబద్ధం కూడా. ఆమె నా కుడిచెయ్యి పట్టి బల్ల మీద పరిచి, చేతిలో ఉన్న ఇస్త్రీపెట్టె ఎత్తి కొట్టింది. రెండు వేళ్లు విరిగాయి, తోలు కాలిపోయింది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రెండోసారి ఎత్తి, కొట్టలేక కింద పెట్టేసింది.

"వాడు నిన్ను నమ్మి చచ్చాడే!" అని గుండెలు బాదుకుంది. తర్వాత కాగితం, కలం తెచ్చి నా ముందు పడేసింది. "రాయి. ఎడంచేత్తో రాయి. నాకు చెప్పిందంతా రాసి సంతకం పెట్టు."

రాశాను. ఈ ఉత్తరమూ ఎడంచేత్తోనే, నాలుగు రోజులుగా రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నా విసుక్కోకుండా చదువు.

ఎస్కిల్ నాతో మాట్లాడటం లేదు. "ఎవరూ చూడలేదుగా, ఎందుకు చెప్పావు?" అన్నాడు ఒక్కసారి. చేయి లేనివాడు, పిల్లతో ఒంటరిగా మిగిలిపోతాడు. అతని కోపంలో తప్పు లేదు.

ఆ కాగితం షరీఫుకు చేరింది. జడ్జి అక్టోబరు ఏడున విచారణకు వస్తాడు. జైలంటారో, మెడకు తాడంటారో ఎవరికీ తెలియదు. నేను కాదనను. నువ్వు రావాలి, నాకోసం కాదు, సిగ్నె కోసం. ఎస్కిల్ తేరుకునేదాకా ఆ పిల్లను నీ దగ్గర ఉంచుకో. వీలైతే అతన్నీ తీసుకెళ్లు. మారాం చెయ్యకుండా తింటే వెన్న రాసిన దుంపరొట్టె పెట్టు. మంచం కిందికి దూరితే కసరకు.

నువ్వు రైలు దిగేసరికి నేను బయట ఉండకపోవచ్చు. ఎస్కిల్ బండి తోలలేడు. స్టేషనుకు తాను వస్తానని టాబిథా అంది. నేను అడగలేదు, తనే అంది. పొడుగ్గా, నల్ల కండువా కప్పుకుని ఉంటుంది. ఆమె నీతో మాట్లాడకపోవచ్చు. నువ్వే ముందు పలకరించమ్మా.

ఇట్లు,
నువ్వు కన్న కూతురు,
మారిట్