సత్యవతి వదిన గుండిగలు

2004, శనివారం

కాకినాడ దగ్గరి మా లంక ఊరి నుంచి సత్యవతి వదిన వచ్చింది. సముద్రంలో చమురు తవ్వకం మొదలయ్యాక ఆ చుట్టుపక్కల వేటకు పోనివ్వడం లేదు. ఏడాదిగా అన్నయ్య పడవ ఒడ్డునే ఉంది. వదిన ఏడుస్తుందేమోనని బెంగపడుతూ స్టేషన్‌కు వెళ్లాను.

రైలు దిగుతూనే నవ్వింది. "పద్మా, పెద్ద గుండిగలు కొనాలే! చమురోళ్ల క్యాంపుకి వంట నేనే చేస్తన్నాను. ఉల్లిపాయలు మీ అన్నయ్యే తరుగుతారు."

గరిటె ముట్టని అన్నయ్యా!

రెజిమెంటల్ బజార్‌లో పాత్రల దుకాణదారు, "ఇంత పెద్దవేందమ్మా, పెండ్లా?" అన్నాడు.

"రోజూ వందమందికి చేపల పులుసు నాయనా," అంది వదిన గర్వంగా.

"మరి చేపలు?" అన్నాను బయటికొచ్చాక.

"కాకినాడ నుంచి ఐసు పెట్టెల్లో వస్తన్నాయి," అంది నవ్వు తగ్గించి. చుట్టూ సముద్రం ఉన్న లంకకి చేపలు బయటి నుంచా? చమురు అయిపోయి వాళ్లు వెళ్లిపోతే ఎలా అని అడగబోయాను. ఆమె మళ్లీ నవ్వుతోంది.

సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు. గాలి, పోటు తప్ప వేరే మాట ఎరగని మనిషి, "గుండిగలకి మూత సరిగ్గా పడుతోందో లేదో చూశారా?" అని అడిగాడు. వదినా నేనూ కడుపు పట్టుకుని నవ్వాం.