రేపటి సాక్ష్యం

ఇష్టమై కాదు నాయినా, నోరు పెగలకనే దొరకు కాదని చెప్పలేకపోయాను. ఆయన భూమి కేసులో నువ్వు చెప్పిన సాక్ష్యం అబద్ధమని తేలి ఆర్నెల్లు జైల్లో ఉన్నావు. దగ్గుతో తిరిగొచ్చి, నెలకే పోయావు. చెప్పించిన దొర మాత్రం సమితి ప్రెసిడెంటు అయ్యాడు.

నువ్వు పోయి ఏడాదయ్యాక, నిన్న మన గుడిసెకు వచ్చాడు. ఎంకమ్మత్త చేనును దొరే దున్నుకుంటున్నట్టు కోర్టులో నన్ను చెప్పమన్నాడు. పశువులు కాస్తూ, అత్త దున్నడం ఎన్నిసార్లు చూశానో.

నేను తల దించుకుని నిలబడ్డాను. "ఏందిరా, మీ అయ్యకున్న నోరు నీకు లేదా?" అంటూ కొత్త తువ్వాలు నా భుజాన వేశాడు.

"పోరడు ఒప్పుకున్నట్టేనా దొరా?" అన్నాడు జీపు డ్రైవరు.

"అవ్, తువ్వాలు తీసెయ్యలే గదా!" అంటూ దొర నా దిక్కు తిరిగాడు. "ఎల్లుండి జల్దీ తయారుండు."

జీపు పోయాక అమ్మ, "గా నోరే మీ అయ్యను తిన్నది బిడ్డా" అని మాత్రం అంది.

రేపు కోర్టులో అత్త నా ఎదురుగానే ఉంటుంది. ఆ రోజు బోనులో నువ్వు ఎవరి మొహం చూసి చెప్పావు నాయినా?